కారు టాపుకి గట్టి జిగురు ఎందుకు వద్దు?

2003లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్‌ఎల్ కారు టాపు ఉక్కుది కాదు, కార్బన్ ఫైబర్‌ది. నెత్తిన బరువు తగ్గితే గరిమనాభి కిందికి దిగుతుంది, మలుపుల్లో బండి ఒరగడం తగ్గుతుంది. ఇది చూసే మా టీమ్ కూడా ఒక పాత కారు టాపు కోసేసి కాంపోజిట్ పలక పెడదామంటోంది. దానికి వెల్డింగ్ పట్టదు, జిగురే గతి. "అయితే దొరికినవాటిలో గట్టి ఎపాక్సీ తెద్దాం" అని గ్రూపులో దాదాపు ఖాయమైపోయింది. నాకు అక్కడే పేచీ. ఒక లెక్క చూడండి.

టాపు పొడవు 1.5 మీటర్లు. పొద్దున 25 డిగ్రీలున్న బండి మే నెల ఎండలో 75కి చేరిందనుకుందాం. ఉక్కు డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది, అంటే మొత్తం 0.9 మి.మీ. పోగుల్ని అన్ని దిక్కులా పేర్చిన కార్బన్ పలక సాగేది దాదాపు 3 మైక్రాన్లే, మొత్తం 0.2 మి.మీ. తేడా 0.7. మధ్య నుంచి కొలిస్తే ఒక్కో చివర 0.35 మి.మీ. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఎపాక్సీని 0.2 మి.మీ. పొరగా పూస్తే, తన మందానికి ఒకటిముప్పావు రెట్లు పక్కకి జరగమంటున్నాం. అది జరగదు. మొండికేసి ఆ బలాన్నంతా అతుకు అంచుల మీదికి తోస్తుంది. అంచు విడుతుంది, లేదా టాపు వంకర పోతుంది. అదే ముందద్దం అతికించే పాలీయురెథేన్‌ని 3 మి.మీ. మందంగా వేస్తే జరగాల్సింది మందంలో 12 శాతమే. రబ్బరులాంటి దానికి అదొక లెక్కా? (ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో స్ట్రెయిన్‌ని 'వికృతి' అంటారు. భలే మాట!)

అలాగని మరీ మెత్తనిదీ పనికిరాదు. బాడీ మెలితిరగకుండా ఆపడంలో టాపుకీ వాటా ఉంది. అందుకే పాలీయురెథేన్‌లోనే హై మాడ్యులస్ రకం వెతకాలి. ఇంకోటి, పెయింట్ ఓవెన్ వేడి 180 డిగ్రీల దాకా పోతుంది. అప్పుడు పై తేడా మూడింతలు. కాబట్టి ముందు పెయింటు, తర్వాతే టాపు.

కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉప్పు తేమలో ఉక్కుకి నేరుగా తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది, అల్యూమినియం అయితే మరీ తొందరగా. మధ్యలో ఒక గ్లాస్ ఫైబర్ పొర వేస్తే ఆ గొడవ తప్పుతుంది.

ఇక మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది శుభ్రం. అచ్చు నుంచి వచ్చిన పలక మీద రిలీజ్ ఏజెంట్ మైనంలా అంటుకుని ఉంటుంది. ముందు ఐసోప్రొపైల్‌తో తుడిచి, ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ తుడవాలి. తర్వాత నాలుగు నీటిచుక్కలు చల్లండి. నీళ్లు పొరలా పరుచుకుంటే సరే. తామరాకు మీది బొట్టులా నిలబడితే మళ్లీ మొదటికే. నీరు పరుచుకున్నాక పలకని బాగా ఆరబెట్టి, ప్రైమర్ పూసి, అప్పుడు జిగురు.

ఒకే ట్యూబులో వచ్చే పాలీయురెథేన్ గాలిలో తేమ పీల్చుకుని, అంచు నుంచి లోపలికి రోజుకి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. పైన చర్మం కట్టింది కదా అని మర్నాడే బండి తీయొద్దు, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.