నెట్ లేని రోజున కూడా లేచే కంటైనర్

కొత్తపేట

మేనకోడలికి,

రాజోలు నుంచి నువ్వు పంపిన మెసేజ్ చదివాను. డాకర్ కమాండ్‌లన్నీ ఒక కాగితం మీద రాసి పంపిస్తే బట్టీ పట్టేస్తానన్నావు. ఆ పట్టిక ఎక్కడైనా దొరుకుతుందమ్మా. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. నువ్వు కట్టిన కంటైనర్ సరిగా ఉందో లేదో తేల్చడానికి నేను పెట్టే పరీక్ష ఒకటే: నెట్ తీసేసిన వేరేవాళ్ళ కంప్యూటర్ మీద, నువ్వు పక్కన లేకుండా, అది లేచి పనిచెయ్యాలి. కమాండ్‌లన్నీ ఆ పరీక్ష నెగ్గడానికే నేర్చుకో.

ఈ పరీక్ష మన ప్రాంతానికి ఒకసారి నిజంగానే ఎదురైంది. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. కరోనా రోజుల నుంచి సొంతూళ్ళలో ఉండి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని, సిగ్నల్ దొరికే గోదావరి గట్లకీ పక్క ఊళ్ళకీ వెళ్ళారు. అదే ఏడాది జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంక గ్రామాలు నీళ్ళలో ఉన్నాయి; అలాంటప్పుడు కూడా నెట్‌ని నమ్ముకోలేం. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి నెట్ లేకపోవడం అరుదైన సంగతి కావచ్చు. మనం దాన్ని లెక్కలో వేసుకునే పని మొదలుపెట్టాలి.

ముందు కంటైనర్ అంటే ఏమిటో సరిగా అర్థం చేసుకో. చాలామంది దాన్ని కంప్యూటర్‌లో ఇంకో చిన్న కంప్యూటర్ అనుకుంటారు. కాదు. అది నీ లినక్స్ మీద నడిచే మామూలు ప్రాసెస్సే. తనకి కనిపించే ఫైళ్ళు, నెట్‌వర్క్, తోటి ప్రాసెస్‌లు వేరుగా ఉండేలా కెర్నెల్ దాన్ని విడదీస్తుంది. ఎంత మెమరీ వాడుకోవచ్చో హద్దు కూడా పెట్టగలదు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఒక ప్రాసెస్‌ని ఒక ఫోల్డర్‌కే పరిమితం చేసే చ్రూట్ 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. ఫ్రీబీఎస్‌డీలో జైల్స్ 2000లో వచ్చాయి. మెమరీ, సీపీయూ వాడకానికి హద్దులు పెట్టే సీగ్రూప్స్‌ని గూగుల్ ఇంజనీర్లు మొదలుపెడితే, 2008 నాటికి అవి లినక్స్ కెర్నెల్‌లో చేరాయి. 2013 మార్చిలో పైకాన్ సభలో సాలమన్ హైక్స్ డాకర్‌ని కొద్ది నిమిషాల్లో చూపించాడు. విడదీసే శక్తి అంతకు ముందే కెర్నెల్‌లో ఉంది. దాన్ని మామూలు ప్రోగ్రామర్ చేతికి ఒక్క కమాండ్‌గా అందించడం ఆయన చేసిన మేలు. నీ విండోస్ లాప్‌టాప్‌లో డాకర్ నడుస్తోందంటే, దాని అడుగున ఒక చిన్న లినక్స్ నడుస్తోందన్న మాట.

ఇమేజ్‌కీ కంటైనర్‌కీ తేడా అడిగావు. ఇటుకల బట్టీ దగ్గర అచ్చు ఒకటే ఉంటుంది, ఇటుకలు ఎన్నైనా వస్తాయి. ఇమేజ్ ఆ అచ్చు, కంటైనర్ ఇటుక. ఇటుక పగిలితే అచ్చుకి ఏమీ కాదు. అందుకే కంటైనర్ లోపలికి వెళ్ళి చేత్తో ఏదో సరిచేసి, పని అయిపోయిందనుకోకు. దాన్ని తీసేసిన క్షణాన నువ్వు చేసిన మార్పు కూడా పోతుంది. మార్పుని, ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో రాయి, మళ్ళీ బిల్డ్ చెయ్యి.

ఇక నీ ప్రాజెక్టు దగ్గరికి వద్దాం. అంబాజీపేట కొబ్బరి వ్యాపారికి లెక్కలు రాసి తెలుగులో బిల్లు తీసే ప్రోగ్రాం అన్నావు. మంచి పని ఎంచుకున్నావు. దాన్ని కంటైనర్‌లో పెట్టేటప్పుడు డాకర్ బిల్డ్ కమాండ్ చివర ఒక చుక్క ఉంటుంది చూశావా? అందరూ దాన్ని అలవాటుగా కొట్టేస్తారు. ఈ ఫోల్డర్‌లో ఉన్న సరుకుతో కట్టు అని దాని భావం. ఆ ఫోల్డర్‌లో నీ పాస్‌వర్డ్‌ల ఫైలు, గిట్ చరిత్ర, ఫొటోలు ఉంటే అవి కూడా ఇమేజ్‌లోకి చేరే వీలుంది. డాకర్‌ఇగ్నోర్ అనే ఫైలులో వాటి పేర్లు ముందే రాసిపెట్టు. పాస్‌వర్డ్ ఫైలు ఒకసారి కాపీ అయిందా, తర్వాతి లైనులో డిలీట్ చేసినా కింది పొరలో అలాగే ఉంటుంది. ఇమేజ్ చేతికి వచ్చినవాడు పొరలు విప్పి చదువుకోగలడు. ఈ ఒక్క విషయంలో అజాగ్రత్తని నేను అసలు ఒప్పుకోను.

పొరలంటే భయపడకు, డేటా డబ్బులు మిగిల్చేవి అవే. డాకర్‌ఫైల్‌లో కాపీ, రన్ లాంటి ప్రతి లైనూ ఒక పొర అవుతుంది. ఒక పొర మారితే దాని తర్వాతివన్నీ మళ్ళీ కట్టాలి. అందుకని లైబ్రరీల జాబితా ఫైలు ఒక్కదాన్నే ముందు కాపీ చేసి, వాటిని ఇన్‌స్టాల్ చేయించి, ఆ తర్వాతే నీ కోడ్ కాపీ చెయ్యి. అప్పుడు నువ్వు కోడ్‌లో ఒక కామా మార్చిన ప్రతిసారీ లైబ్రరీలన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ కావు. మొబైల్ డేటా మీద చదువుకునే పిల్లలకి ఇది నేర్పకుండా మిగతావన్నీ నేర్పుతున్నారంటే నాకు బాధేస్తుంది. నీ ఇమేజ్‌కి పునాదిగా తీసుకునే ఆధార ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని వదలకు. అది ఒక గుర్తు మాత్రమే, ఇవాళ దానికింద ఉన్నది రేపు ఉండకపోవచ్చు. వెర్షన్ నంబరు రాయి.

రన్ చేసేటప్పుడు పోర్టుల దగ్గర కొత్తవాళ్ళందరూ తికమకపడతారు. మైనస్ పి తర్వాత ఎడమవైపు రాసే నంబరు నీ కంప్యూటర్‌ది, కుడివైపుది కంటైనర్‌ది. రెండూ సరిగ్గా రాసినా బ్రౌజర్‌లో పేజీ రాకపోతే, నీ ప్రోగ్రాం 127.0.0.1 మీద వింటోందేమో చూడు. కంటైనర్ లోపల ఆ చిరునామా కంటైనర్‌కే పరిమితం. 0.0.0.0 మీద వినమని చెప్పు. లెక్కల డేటాబేస్‌ని మటుకు కంటైనర్ పోయినా మిగిలే వాల్యూమ్‌లో పెట్టు, లేకపోతే కంటైనర్‌తో పాటే వ్యాపారి లెక్కలూ పోతాయి.

తెలుగు బిల్లు విషయంలో మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. నీ లాప్‌టాప్‌లో చక్కగా వచ్చిన పీడీఎఫ్, కంటైనర్‌లో తీస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు రావచ్చు. చిన్న ఇమేజ్‌లలో తెలుగు ఫాంట్ ఉండదు మరి. వాటిని తయారుచేసినవాళ్ళకి మన లిపి గుర్తుండాల్సిన అవసరం లేదు, మనకి ఉంది. లోహిత్ తెలుగు గానీ నోటో తెలుగు గానీ డాకర్‌ఫైల్‌లోనే ఇన్‌స్టాల్ చేయించు. వెబ్ నుంచి ఫాంట్ తెచ్చుకునేలా రాస్తే, నెట్ లేని రోజున బిల్లు మళ్ళీ డబ్బాలే. ఇంకోటి, కంటైనర్‌లో గడియారం మామూలుగా యూటీసీ ప్రకారం నడుస్తుంది. మన కాలం దానికి అయిదున్నర గంటలు ముందు. తెల్లారగట్ల నాలుగింటికి కాయల లోడు ఎత్తి బిల్లు కొడితే దాని మీద నిన్నటి తేదీ పడుతుంది. ఆ వ్యాపారి నీ ప్రోగ్రాంని మళ్ళీ ముట్టుకోడు. టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా అని పెట్టు. కొన్ని చిన్న ఇమేజ్‌లలో టైమ్‌జోన్ల సమాచారమే ఉండదు, ఆ ప్యాకేజీ కూడా వేయించాలి.

ఏదైనా చెడితే కంగారుపడి మళ్ళీ మళ్ళీ బిల్డ్ చెయ్యకు. డాకర్ పీఎస్ మైనస్ ఏ కొడితే ఆగిపోయినవి కూడా కనిపిస్తాయి. డాకర్ లాగ్స్ చదువు, పూర్తిగా చదువు. 137 అనే కోడ్‌తో చచ్చిపోయిందంటే ఎవరో దాన్ని బలవంతంగా చంపారని అర్థం. చాలాసార్లు మెమరీ చాలక కెర్నెలే ఆ పని చేస్తుంది. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని వస్తే, ఆపిల్ కొత్త మాక్ లాంటి ఆర్మ్ యంత్రం మీద కట్టిన ఇమేజ్‌ని ఇంటెల్ సర్వర్ మీద నడుపుతున్నావేమో చూసుకో. స్టాప్ కొట్టినప్పుడు డాకర్ ముందు మర్యాదగా ఆగమని చెబుతుంది, మామూలుగా పది సెకన్లు చూసి చంపేస్తుంది. ఆ మాట విని రాస్తున్న లెక్క పూర్తిచేసి ఆగేలా నీ ప్రోగ్రాం ఉండాలి.

మీ కాలేజీ ల్యాబ్‌లో అందరినీ డాకర్ గ్రూపులో చేర్చారన్నావు. ఆ గ్రూపులో ఉండడం ఆ యంత్రం మీద రూట్ అధికారం చేతిలో ఉన్నట్టే. రెడ్ హ్యాట్ వాళ్ళ పాడ్‌మన్‌ని ఒకసారి చూడు. వెనక ఎప్పుడూ నడిచే డీమన్ అక్కర్లేదు, మామూలు యూజర్‌గానే పనిచేస్తుంది, కమాండ్‌లు కూడా దాదాపు అవే. 2015లో పరిశ్రమ అంతా కలిసి ఓసీఐ పేరుతో ఒక ప్రమాణం పెట్టుకుంది కాబట్టి డాకర్‌తో కట్టిన ఇమేజ్ పాడ్‌మన్‌లోనూ నడుస్తుంది. పంచుకునే యంత్రం మీద నా ఓటు పాడ్‌మన్‌కే.

ఇప్పుడు పరీక్ష. ఇమేజ్ కట్టాక డాకర్ సేవ్‌తో దాన్ని ఒక టార్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. సేవ్‌కి బదులు ఎక్స్‌పోర్ట్ కొట్టకు. అది కంటైనర్ ఫైళ్ళని మాత్రం ఇస్తుంది, పొరలూ మొదలయ్యే కమాండూ పోతాయి. నీ స్నేహితురాలి లాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, డాకర్ లోడ్ కొట్టి, నెట్‌వర్క్ నన్ అనే ఆప్షన్‌తో నడిపించు. ఆ ఆప్షన్‌తో పోర్టులు బయటికి రావు కాబట్టి డాకర్ ఎగ్జెక్‌తో లోపలికి వెళ్ళి బిల్లు తీసి చూడు. అక్షరాలు, తేదీ, మొత్తం సరిచూసుకో. లేవకపోతే లాగ్స్‌లో ఏదో ఒక చోట, బయటి సర్వర్ దొరకలేదనే లైను ఉందేమో చూడు. నువ్వు ఎవరిమీద ఆధారపడ్డావో అది చెబుతుంది.

వచ్చే ఆదివారంలోగా ఇది చేసి, ఆ లాగ్‌ని ఉన్నది ఉన్నట్టు నాకు పంపు. నడిచినా, నడవకపోయినా సరే. మీ అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మావయ్య