సుఖపడిన గొంతులో దుఃఖం పలుకుతుందా?

మన హాస్టల్లో డప్పు కొట్టేవారికి, పాట కట్టేవారికి తరచూ వినపడే మాట ఒకటుంది: "ఆకలి ఉన్నన్నాళ్లే పాట. ఉద్యోగం వస్తే గొంతు మారిపోతుంది." ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మనలాంటి వారికి ఇది చిన్న ప్రశ్న కాదు. బాగుపడటమంటే పాటను పోగొట్టుకోవడమేనా?

సమాధానం మన వినుకొండలోనే వెతుకుదాం. మహాకవి గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న ఇక్కడే జన్మించారు. చిన్ననాటి నుంచీ అంటరానితనం అనుభవించారు. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివి పొట్టపోసుకున్నారు. కానీ 'గబ్బిలం' ఆ కష్టాల రోజుల్లో రాలేదు. గుంటూరులో ఉపాధ్యాయుడిగా నెలజీతం అందుకుంటున్నప్పుడు, 1941లో వచ్చింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడు గబ్బిలం చేత శివునికి తన గోడు చెప్పి పంపడమే అందులోని కథ. జీతం ఆకలి తీర్చింది గాని అవమానాన్ని తుడిచేయలేదు. ఆ బాధకు పాతికేళ్ల సాధన తోడైంది.

ఇక గానం సంగతి. జాషువా గారి 'శ్మశానవాటి' పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో మనం విన్నవే. పాడే నటుడు నిజంగానే వెక్కి వెక్కి ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది, శ్రుతి తప్పుతుంది. జనం "వన్స్‌మోర్" అంటే అదే పద్యం మళ్లీ ఎత్తుకోవాలి. అయినా మన కళ్లు చెమరుస్తాయి. ఆయన దుఃఖంలో మునిగి లేడు, దుఃఖం ఎరిగి ఉన్నాడు.

ఈ తేడాను వెయ్యేళ్ల క్రితమే కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు గుర్తించాడు. క్రౌంచపక్షి వియోగం చూసి వాల్మీకి పలికిన శ్లోకం ముని సొంత ఏడుపు కాదనీ, సొంత దుఃఖంలో మునిగినవాడికి కవిత్వం రాదనీ ఆయన వివరణ.

కాబట్టి మిత్రులారా! పాట కోసం మనం పేదగానే ఉండిపోనక్కరలేదు. పాటను చంపేది సుఖం కాదు, మరుపు. ఉద్యోగం వచ్చాక ఊరి దారి మరిచిపోతే, అమ్మానాన్నల కాయలు కాసిన చేతులను నలుగురిలో చూపడానికి సిగ్గుపడితే, అప్పుడు గొంతు ఎండిపోతుంది. పరీక్షలు రాద్దాం, జీతాలు తెచ్చుకుందాం. సాయంత్రమైతే డప్పు కాచుకుందాం.