హరిశ్చంద్ర నాటకం మీద హక్కు ఎవరిది?



మనోహర్, ఆండర్సన్‌పేటలో సత్యహరిశ్చంద్రీయం నాటకం వేస్తామనీ, టికెట్టు పెట్టి, తర్వాత యూట్యూబులోకి ఎక్కిస్తామనీ రాశావు. పాత నాటకానికి ఇంకా హక్కులేమిటని అడిగావు. నాటకం పాతదే నాయనా, అందులో చేరినవన్నీ అంత పాతవి కావు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది దాటాక అరవై ఏళ్లు హక్కు నిలుస్తుంది. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు కనుక, ఆయన రచన 2013 చివరితో అందరిదీ అయింది. కానీ కాటిసీనులో నటులు పాడుతూ వచ్చిన శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువా గారివి. ఆయన పోయింది 1971లో. వాటి మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. జనం ఎదురుచూసేది ఆ పద్యాల కోసమే కదా!

అమెరికాలో రాగ్‌టైమ్ సంగీతకారుడు స్కాట్ జాప్లిన్ 'ట్రీమనిషా' ఆపెరాదీ ఇదే తీరు. 1911లో పియానో, గాత్రాల స్వరలిపిని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. 1915లో హార్లెంలో దుస్తులూ తెరలూ లేకుండా, తానే పియానో వాయిస్తూ ఒకసారి వినిపించాడు. 1917లో కన్నుమూశాడు. పూర్తి ప్రదర్శన 1972లో గానీ అట్లాంటాలో జరగలేదు. ఆయన రాసిన వాద్యబృంద స్వరలిపి పోయింది కనుక అప్పుడు టి.జె. ఆండర్సన్, 1975లో హ్యూస్టన్ ప్రదర్శనకు గుంథర్ షుల్లర్ కొత్తగా రాశారు. 1911 నాటి పుస్తకం ఇవాళ అక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. ఈ ఇద్దరి కూర్పులు మాత్రం వేరే రచనలు, వాటి హక్కు వేరు.

ఇలా లెక్కలు కడితే కళ చచ్చిపోతుందని నీ స్నేహితులు అంటారు. కానీ జాప్లిన్ మొదటి ఆపెరా 'ఎ గెస్ట్ ఆఫ్ ఆనర్' మాయమైంది హక్కుల వల్ల కాదు. 1903లో కాపీరైటు కార్యాలయానికి దరఖాస్తు వెళ్లింది, ప్రతి మాత్రం అక్కడికి చేరలేదు. అచ్చయినది బతికింది, కానిది పోయింది. ఊళ్లో ఎవరడుగుతారన్న మాటా ఉంది. ఔత్సాహిక సమాజం డబ్బు తీసుకోకుండా ఆడినా, గుడి సహాయార్థం ఆడినా చట్టమే మినహాయింపు ఇచ్చింది. మీ చుట్టుపక్కల ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో అలా ఆడేవారికి భయం అక్కర్లేదు. నువ్వు టికెట్టు పెడుతున్నావు, వీడియో లోకానికి చూపిస్తున్నావు. ఆ మినహాయింపు నీకు వర్తించదు. పైగా ఆ శ్మశానవాటి పద్యాలు రాసిన జాషువా గారు కులం పేరిట అవమానాలు పడ్డ కవి. ఆయనవి అడగకుండా వాడుకోవడం నాకు మరీ తప్పనిపిస్తుంది.

టికెట్లు అచ్చుకు ఇవ్వకముందే జాషువా గారి హక్కుదారులకు ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకో. కరపత్రంలో బలిజేపల్లి వారి పేరు పక్కన ఆయన పేరూ వేయించు.