గెడ్డ నీటికి శాంపిలు – బడిపిల్లల లెక్క, పాల సంఘం బాధ్యత

మన పాల సంఘాల సభ్యులకు పరీక్ష అనేది క్రొత్త మాట కాదు. ఉదయం, సాయంత్రం కేంద్రానికి వచ్చిన పాలను బాగుగా కలియబెట్టి, శాంపిలు తీసి, వెన్నశాతం చూచి, పుస్తకంలో వ్రాసిన తరువాతనే ధర కట్టబడుతుంది. ఆ అంకె మీద సభ్యునికి నమ్మకం ఉన్నంతకాలమే సంఘం నిలుస్తుంది. అయితే ఆ పాలిచ్చే గేదె త్రాగే నీటికి, ఆ పాలు పోసే క్యాను కడిగే నీటికి శాంపిలు తీసే అలవాటు చాల సంఘాలలో లేదు. ఈ పనిని మన ఊరి బడిపిల్లలు చేయగలరు. ఎట్లు చేయవలెనో, వారు చెప్పిన ఫలితాన్ని మనం ఎట్లు వినవలెనో ఈ పాఠంలో తెలియజేస్తున్నాము.

నీటికీ పాలకూ గల సంబంధం

ఆవుపాలలో నూటికి సుమారు 87 పాళ్లు, గేదెపాలలో సుమారు 83 పాళ్లు నీరే. పాడిపశువు చాలినంత నీరు త్రాగకపోతే ఆ పూటకే పాలు తగ్గుతాయి. నత్తలు పెరిగే నిలువనీటి మడుగుల వద్ద మేసే పశువులకు కార్జపు జలగ పట్టి, పశువు చిక్కిపోతుంది. ఇక మురికినీటితో కడిగిన క్యానులో అడుగున మిగిలిన తడి చాలు, అందులోని సూక్ష్మజీవులు పాలు చేరి గంటగంటకు పెరుగుతాయి. మిథిలీన్ బ్లూ పరీక్షలో ఆ పాల రంగు త్వరగా పోతుంది. పాలు విరిగితే నష్టం ఒక్క ఇంటిది కాదు, ఆ క్యానులో పాలు పోసిన అందరిదీ.

పిల్లలు చేస్తున్న పని

జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అనే కార్యక్రమం మన దేశంలో 1993 నుండి ఉన్నది. 10 నుండి 17 ఏండ్ల పిల్లలు జట్టుగా చేరి, ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వంలో తమ ఊరి సమస్యనే ఎన్నుకొని, పరిశీలించి, లెక్కలు వ్రాసి, పటాలు గీసి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో పెద్దల ముందు వివరించుట దీని పద్ధతి. 2004, 2005 సంవత్సరాలలో జలవనరులే ముఖ్యాంశముగా ఉండెను. 1995 నుండి నడుస్తున్న గ్లోబ్ అనే కార్యక్రమం క్రింద అనేక దేశాల విద్యార్థులు ఇదే విధంగా తమ ఊరి వాగుల నీటిని కొలిచి నమోదు చేస్తున్నారు.

చీపురుపల్లి ప్రాంతంలో దీనికి తగిన స్థలం వెదుక నక్కరలేదు. నాగావళికీ చంపావతికీ నడుమ సముద్రం చేరే కందివలసగెడ్డ ఉన్నది, ఊరూరా చిన్న గెడ్డలు, చెరువులు ఉన్నవి.

పరీక్షించు విధానం

1. స్థలాలు: ఊరికి ఎగువన ఒకటి, పశువులను కడిగే రేవు వద్ద ఒకటి, దిగువన ఒకటి, మొత్తం మూడు చోట్ల నీరు తీయవలెను. ఒక్కచోటి నీరు చూచి గెడ్డ మంచిదనీ చెడ్డదనీ చెప్పరాదు. ఎగువకూ దిగువకూ ఉన్న తేడాయే అసలు సంగతి చెబుతుంది.

2. వేళ: నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున తక్కువగాను, మధ్యాహ్నం ఎక్కువగాను ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. అది 4కు తగ్గితే చేపలకు కష్టము. కనుక ప్రతివారం ఒకే వేళకు కొలవవలెను.

3. కొలతలు: వేడిమి, మడ్డి, పి.హెచ్., ప్రాణవాయువు చూడవలెను. త్రాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం పి.హెచ్. 6.5కు తగ్గరాదు, 8.5కు మించరాదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ప్రతి కొలతను మూడుసార్లు తీసి, మూడు అంకెలనూ వ్రాయవలెను. నచ్చని అంకెను కొట్టివేయరాదు.

4. సూక్ష్మజీవులు: గ్వాలియర్ శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష మిక్కిలి సులభము. సీసాలో నీరు పోసి వెచ్చని చోట ఉంచితే, మలంతో కలుషితమైన నీరు ఒకటి రెండు రోజులలో నల్లబడుతుంది. పశువులు దిగే గెడ్డ నీరు సామాన్యంగా నల్లబడనే నల్లబడుతుంది, అందులో వింత లేదు. ఈ సీసాను ముఖ్యంగా వాడవలసినది పాలకేంద్రంలో క్యాన్లు కడిగే బోరు, బావి, కుళాయి నీటికి.

5. భద్రత: వరద ఉన్నప్పుడు పిల్లలు గెడ్డలో దిగరాదు. ఉపాధ్యాయుడు వెంట ఉండవలెను. పని ముగియగానే సబ్బుతో చేతులు కడగవలెను.

తొందరపడి తీర్పు చెప్పరాదు

చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్దం చివరినుండి మాంగనీసు త్రవ్వకాలు సాగినవి. నీరు నల్లగా కనబడితే గని మీదకు వేలు చూపుట సహజము. కాని నలుపు కుళ్లిన ఆకు వలననూ రావచ్చును. త్రాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనిచోట 0.3 వరకు అనుమతింపబడినది. ఇంత చిన్న అంకెను కంటితో చూచి చెప్పలేము, ప్రయోగశాలకు పంపవలసినదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం కొరకు శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లుగా నీటిని, నేలను పరీక్షిస్తున్నారు, అయినను ఇదే కారణమని ఇంకను తేలలేదు. అంతటివారే తొందరపడలేదంటే పిల్లలకు మనం నేర్పవలసిన మొదటి పాఠం అదే. బడి పరీక్ష అనుమానాన్ని చూపుతుంది, నిర్ధారణ ప్రయోగశాల చేస్తుంది.

మన వంతు

ఇక్కడ సభ్యులు ఒక మాట నిదానంగా వినగోరుతున్నాము. పిల్లల పటంలో రేవు దిగువనే నీరు చెడినట్లు తేలితే, ఆ తప్పు పరాయివానిది కాదు. పశువులను కడిగినది మనము, పేడదిబ్బ గట్టున వేసినది మనము, పురుగుమందు డబ్బా కడిగి పారబోసినదీ మనలో ఒకరే. అప్పుడు “పిల్లకాయలకేమి తెలుసు” అని త్రోసిపుచ్చితే వారు మరల అంకెలు చెప్పరు, చెప్పినను మనకు నచ్చినవే చెబుతారు. తప్పుడు వెన్నశాతం వ్రాసే సంఘం ఎట్లు పాడవుతుందో, ఆ చదువూ అట్లే పాడవుతుంది.

కావున పాలకవర్గం వారు ఈ క్రింది పనులు చేయగలరు. సర్వసభ్య సమావేశంలో పిల్లలకు అరగంట సమయం ఇచ్చి, వారి పటాలను పాలకేంద్రం గోడకు అంటించవలెను. సీసాల ఖర్చు సంఘం భరించవలెను. కేంద్రపు నీటి సీసా నల్లబడితే, ఆ దినం నుండే క్యాన్లను మరిగిన నీటితో కడిగి, ఎండలో బోర్లించి, నీటి శాంపిలును గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపవలెను. పశువులను కడిగే చోటును నీరు ముంచుకొనే రేవుకు దిగువకు మార్చి, పేడదిబ్బను గట్టుకు దూరంగా వేయవలెను. మూడు నెలల తరువాత అవే మూడు చోట్ల, అదే వేళకు, అదే పిల్లలచేత మరల కొలిపించవలెను. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొన్ననాడు, మనం చేసిన మార్పు పని చేసినదో లేదో ఎవరినీ అడుగ నక్కరలేదు.