సైమా సరస్సు: పడవ నుంచి స్కీ దాకా

ఫిన్లాండ్‌ను ‘వేయి సరస్సుల దేశం’ అంటారు. 500 చదరపు మీటర్లు దాటినవే అక్కడ సుమారు 1,88,000 ఉన్నాయి. వాటిలో అతిపెద్దది ఆగ్నేయాన ఉన్న సైమా. వైశాల్యం దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు.

వేసవిలో పడవలదే సందడి. సుల్కవా తెడ్ల పడవల పోటీ 1968లో మొదలైంది. కొలొవెసి జాతీయ పార్కులో మాత్రం మోటారు పడవలు నిషిద్ధం. సైమా రింగ్డ్ సీల్‌కు అది ఆశ్రయం. ప్రపంచంలో మరెక్కడా లేని ఈ మంచినీటి సీల్ మంచు దిబ్బల్లో పిల్లల్ని కంటుంది. మంచు తక్కువ పడిన ఏడాది వాలంటీర్లు పారలతో దిబ్బలు పోస్తారు.

చలికాలంలో గడ్డకట్టిన సరస్సే మైదానం. స్కేటింగ్‌కు వెళ్లేవారు మెడలో రెండు చిన్న సూదిమొనల పిడులు వేసుకుంటారు. మంచు విరిగి నీళ్లలో పడితే వాటిని గుచ్చి పైకి పాకుతారు. మంచుకు రంధ్రం చేసి గాలంతో చేపలు పట్టడానికి సాధారణంగా లైసెన్సు అక్కర్లేదు.

ఇక్కడ తప్పక తెలుసుకోదగ్గ అంశం ‘ప్రతి ఒక్కరి హక్కు’. ఇళ్ల పెరళ్లు, పంట చేలు వదిలేస్తే, ఇతరుల భూమిలోనైనా అనుమతి లేకుండా నడవొచ్చు, స్కీ చేయొచ్చు, అడవి పండ్లు కోసుకోవచ్చు.

ఇక స్కీ పోటీల సంగతికొస్తే, సరస్సుల ప్రాంతంలో లాహ్తి అనే నగరం ఉంది. నార్డిక్ ప్రపంచ స్కీ చాంపియన్‌షిప్‌కు 1926లో తొలిసారి, 2017లో ఏడోసారి వేదికైంది.