నమ్మేవాడు, ఆగేవాడు

అమ్మాయిలూ, ఈ నెల ముచ్చటంతా ప్రేమ నవలల్లోని మంచి మనసున్న హీరోల గురించే. ముందు లియాన్ సంగతి చెప్పనివ్వండి.

లియాన్‌కి కారూ లేదు, బంగళా లేదు. లండన్‌లో ఆఖరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే నర్సు. నైట్ డ్యూటీ. చేయని నేరానికి తమ్ముడు జైల్లో ఉన్నాడు, లాయర్ ఖర్చులకి డబ్బు కావాలి. రాత్రిపూట ఇల్లు ఖాళీయే కదా అని, తన చిన్న ఫ్లాట్‌ని నెలకి 350 పౌండ్లకి టిఫీ అనే అమ్మాయికి అద్దెకిస్తాడు. పగలు అతనిది, రాత్రి ఆమెది. ఇంట్లో ఉన్నది ఒక్కటే మంచం. బెత్ ఓలియరీ 2019లో రాసిన ‘ది ఫ్లాట్‌షేర్’ కథ ఇది.

నెలల తరబడి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మాటలన్నీ చీటీల మీదే. ఫ్రిజ్ మీద ఒకటి, కిచెన్‌లో ఒకటి అంటించి పోతుంటారు. ఇక్కడే రచయిత్రి తెలివి చూడండి. అతని ఎత్తు, రంగు, కళ్లు టిఫీకి తెలియకముందే అతని గుణం తెలిసిపోతుంది. ఆమె రాసిన చిన్న మాట కూడా గుర్తుపెట్టుకుంటాడు. ముసలి పేషెంటు ఒకాయన యుద్ధం రోజుల్లో ప్రేమించిన మనిషి ఎక్కడున్నాడో వెతకడానికి సెలవురోజుల్లో ఊళ్లు తిరుగుతాడు. అందం గురించి చదివేలోపే మనకి అతను నచ్చేసి ఉంటాడు.

టిఫీ పాత ప్రేమికుడు ఆమెని కొట్టలేదు. ‘నువ్వే మర్చిపోయావు, నువ్వే తప్పుగా అర్థం చేసుకున్నావు’ అని అని అని, ఆమెని తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేని స్థితికి తెచ్చాడు. అందుకే లియాన్‌కి దగ్గరయ్యే వేళ ఆ పాత భయం ఒక్కసారిగా పైకొచ్చి, ఆమె బిగుసుకుపోతుంది. అతను ఆగిపోతాడు. మొహం ముడుచుకోడు, ‘నా మీద నమ్మకం లేదా’ అని నిలదీయడు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఉంటాడు, అంతే. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరలేదు. ఆమెని బాగుచేసే దేవుడి వేషం కూడా అతను వేయడు. ఆ పనికి ఆమెకి స్నేహితులున్నారు, కౌన్సెలర్ ఉంది. పైపెచ్చు అతని తమ్ముడి కేసు చేపట్టేది టిఫీ స్నేహితురాలే. మంచితనం అటూ ఇటూ నడుస్తుంది.

మా అక్కల తరం, మా తరం యద్దనపూడి సులోచనారాణి గారి హీరోల్ని చూసుకుని పెరిగాం. ‘సెక్రటరీ’ నవలలోని రాజశేఖరాన్ని ఇప్పటికీ ఒక్క మాట అననివ్వను. కాకపోతే అలాంటి హీరోల మనసులో మాట మనమే కనిపెట్టుకోవాలి. కోపం వెనక ప్రేమ ఉందేమో, మౌనం వెనక ఆరాధన ఉందేమో అని వెతుక్కోవాలి. నవలలో ఆ వెతుకులాట తియ్యగానే ఉంటుంది. ఇంట్లో ఇరవై ఏళ్లు అదే పని చేసిన ఆడదాన్ని అడగండి, ఎంత అలసటో చెబుతుంది. లియాన్ లాంటివాళ్లు మన మనసు దోచేది అక్కడే.

టాలియా హిబర్ట్ రాసిన ‘గెట్ ఎ లైఫ్, క్లోయీ బ్రౌన్’లో రెడ్ ఉన్నాడు. అదీ 2019లోనే వచ్చింది. పచ్చబొట్లు, బైకు, చూడ్డానికి మొరటు. క్లోయీకి ఫైబ్రోమయాల్జియా. ఒళ్లంతా నొప్పులు, తీరని అలసట, పైకి మాత్రం ఏమీ కనిపించదు. పెళ్లాడాల్సినవాడు వదిలేసి వెళ్లాడు. స్నేహితులూ జారుకున్నారు. రెడ్ ఆమెకి నొప్పి ఉందంటే నమ్ముతాడు. చెల్లెళ్లూ, ఆ ఒక్క ముక్క ఎంత పెద్దదో మీకు వేరే చెప్పాలా? ‘నడుం పట్టేసిందండీ’ అంటే పేపర్లోంచి తలెత్తకుండా ‘నీకెప్పుడూ ఉండేదేగా’ అనే ఇళ్లు ఎన్ని లేవు!

హెలెన్ హోయాంగ్ 2018లో రాసిన ‘ది కిస్ కోషెంట్’లో మైకేల్ కూడా ఈ కోవలోవాడే. ఆటిజం ఉన్న స్టెల్లాని తాకే ముందు ఆమె ఇష్టం కనుక్కుంటాడు, వద్దనిపిస్తే ఆగుతాడు.

అంత మంచివాడైతే కథలో పసేముంటుంది అంటారు కొందరు. నేను ఒప్పుకోను. రెడ్‌ని పాత ప్రేయసి చేసిన గాయం వెంటాడుతుంటుంది. మైకేల్‌కి డబ్బు దగ్గర, తండ్రి పేరు దగ్గర తల దించుకున్నట్టుంటుంది. లియాన్‌కి నోరు పెగలదు. గొడవలు వాళ్లకీ వస్తాయి, అవతలి మనిషిని చిన్నబుచ్చకుండా వస్తాయి. అలాంటి గొడవ రాయడం చెంపదెబ్బ సీను రాయడం కంటే ఎంతో కష్టం.

‘ఇలాంటివాళ్లు పుస్తకాల్లోనే ఉంటారే’ అనేవాళ్లకి నేను చెప్పేదొకటే. లియాన్ చేసినవాటిలో డబ్బుతో పనిపడేది ఏదీ లేదు, అందంతో పనిపడేదీ లేదు. వినడం, గుర్తుపెట్టుకోవడం, వద్దంటే ఆగడం. పెళ్లికి సంబంధాలు చూస్తున్న పిల్లలుంటే ఈ నవల చేతిలో పెట్టండి. అబ్బాయి జీతం ఎంత అని అడిగిన నోటితోనే, కాదన్నప్పుడు అతను ఎలా ఉంటాడో కూడా వాకబు చేయండి.

మన రచయిత్రులకీ ఓ కోరిక. గుంటూరులోనో, వరంగల్లులోనో రాత్రి డ్యూటీ చేసి, తెల్లారి బస్సెక్కి ఇంటికొచ్చే ఓ నర్సు కుర్రాణ్ణి హీరోని చేసి సీరియల్ రాయండమ్మా. మొదటి వారం నుంచీ చదువుతాను.