కథ పెండ్లితో ముగుస్తుందా?



మొన్నామధ్య ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి గుడి వరండాలో నా కోసం కాచుకొని ఉన్నారు. చీర చెంగు చాటున ఒక ఇంగ్లీషు నవల ఉంది. డిగ్రీ చదివే కూతురి సంచిలో దొరికిందట. "మాస్టారూ, అట్ట మీద పువ్వులున్నాయి, లోపల ఏముందో నాకు తెలియదు. ప్రేమ పుస్తకమని మాత్రం అర్థమైంది. పొయ్యిలో పెట్టెయ్యమంటారా?" అని అడిగారు. పెండ్లికి సిద్ధపడే జంటలకు మా విచారణలో తరగతులు చెప్పేవాణ్ణి కనుక నన్ను అడిగారు. "ముందు నన్ను చదవనివ్వండమ్మా, పొయ్యి ఎక్కడికీ పోదు" అన్నాను.

ఆ తల్లి భయం ఒక్కరిది కాదు. బిడ్డలు ప్రేమను గురించి మన దగ్గర కంటే పుస్తకాల దగ్గర, సెల్‌ఫోన్ దగ్గర ఎక్కువ నేర్చుకుంటున్నారు. అయితే అన్ని ప్రేమ పుస్తకాలూ ఒక్కటి కావు. వాటిని వేరు చేయడానికి ఒక చిన్న ప్రశ్న చాలు: ఈ కథ ఎక్కడ ఆగిపోతోంది?

పెండ్లితో ఆగే కథలు

ఇది నేటి పిల్లలతో మొదలైన సంగతి కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు వారపత్రికల సీరియళ్ల కోసం ఎదురుచూసినవారే. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవలను ఇష్టపడి చదివిన ఇళ్లు ఎన్నో. అది 1976లో సినిమాగా కూడా వచ్చింది. ఆరడుగుల అందగాడు, కారు, ఆత్మాభిమానం గల అమ్మాయి, అపార్థాలు, చివరకు కలయిక. ఇంగ్లీషులో 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ సంస్థ ఈ బాటలోనే వేల నవలలు అచ్చువేసింది.

ఈ కథలు చదవడం పాపమని నేననను. పగలంతా చాకిరీ చేసిన మనిషికి అవి కాసేపు ఊరట. కాని వాటిలో ఒక లోటుంది. అవి సాధారణంగా పెండ్లి పందిరి దగ్గరే ఆగిపోతాయి. మరునాడు పాలవాడికి డబ్బు ఎవరిచ్చారో, మామగారికి పక్షవాతం వస్తే ఎవరు చూసుకున్నారో అవి చెప్పవు. పైగా కొన్నింటిలో నాయకుడు కసిరినా, చేయి పట్టి లాగినా, అనుమానించినా అదంతా ప్రేమ ఎక్కువై చేసినట్లు చూపిస్తారు. పదిహేడేళ్ల పిల్ల దానిని నమ్మితే నష్టపోయేది ఒక సాయంకాలం కాదు, ఒక జీవితం.

ఆ పువ్వుల అట్ట పుస్తకం

ఆ తల్లి ఇచ్చిన నవల పేరు 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. అమెరికా రచయిత్రి కొలీన్ హూవర్ 2016లో వ్రాశారు. కొన్నేళ్ల తరువాత విదేశాల్లో టిక్‌టాక్ వీడియోల ద్వారా విపరీతంగా ప్రచారమై, 2024లో సినిమాగా కూడా వచ్చింది.

కథ బోస్టన్ నగరంలో జరుగుతుంది. లిలీ అనే అమ్మాయి పూల దుకాణం పెట్టుకుంటుంది. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. అందగాడైన డాక్టరును ప్రేమించి పెండ్లాడుతుంది. అతడు కొడతాడు, ఏడుస్తాడు, క్షమించమంటాడు, మళ్లీ కొడతాడు. "అమ్మ ఎందుకు ఇల్లు విడిచిపోలేదు?" అని చిన్నప్పుడు కోపగించుకున్న పిల్లకు, ఆ విడిచిపోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తుంది. కూతురు పుట్టినప్పుడు, ఈ హింస తనతోనే అంతం కావాలని నిర్ణయించుకుంటుంది. పుస్తకం పేరుకు అర్థం అదే. రచయిత్రి తన తల్లి జీవితాన్ని ఆధారంగా తీసుకున్నారు.

ఇందులో దాంపత్యపు ఏకాంతాన్ని దాపరికం లేకుండా వర్ణించిన పుటలున్నాయి. చిన్న పిల్లలకు ఇది తగదు. లిలీ విడాకులు కోరుతుంది. జ్ఞానవివాహ బంధాన్ని మనం అలా చూడము. అయినా ఈ పుస్తకం చెప్పే ముఖ్యమైన మాట సత్యం: దెబ్బ ప్రేమకు గుర్తు కాదు.

శ్రీసభ కూడా దెబ్బలు తింటూ పడి ఉండమని చెప్పడం లేదు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1153వ సూత్రం ప్రకారం, భర్తగాని భార్యగాని రెండవవారికి లేదా బిడ్డలకు ఆత్మకో శరీరానికో తీవ్రమైన ప్రమాదం కలిగిస్తే వేరుగా ఉండటానికి అది న్యాయమైన కారణం. ఆలస్యమైతే ప్రమాదమనుకున్నప్పుడు అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో వెలువరించిన 'అమోరిస్ లెతీసియా' అనే ఉపదేశంలో, కొన్ని సందర్భాలలో అట్లా వేరుకావడం నైతికంగా అవసరమే కావచ్చునని చెప్పారు. మన దేశంలో గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. ఇవి మన ఆడపిల్లలకు పెండ్లికి ముందే తెలిసి ఉండాలి.

పెండ్లి తరువాత మొదలయ్యే పుస్తకాలు

ఇక కథలు కాని పుస్తకాలున్నాయి. ఆలుమగలు ఒకరినొకరు ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేవి. వీటిలో నాలుగింటి సారం చూద్దాం.

మొదటిది ఎరిక్ ఫ్రామ్ 1956లో వ్రాసిన 'ద ఆర్ట్ ఆఫ్ లవింగ్'. ఆయన జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టి అమెరికా చేరిన మనస్తత్వవేత్త. ప్రేమ ఒక కళ, సంగీతంలాగా, వడ్రంగంలాగా సాధన చేసి నేర్చుకోవలసినది అన్నారు. మనమేమో "నన్ను ఎవరు ప్రేమిస్తారు?" అని వెదుకుతాము. "నాకు ప్రేమించడం వచ్చునా?" అని అడుగుకోము. సంరక్షణ, బాధ్యత, గౌరవం, ఎదుటివారిని ఎరగడం, ఈ నాలుగూ ప్రేమకు మూలమని ఆయన వివరించారు.

రెండవది 1960లో పోలండులో వెలువడిన 'ప్రేమ, బాధ్యత'. అప్పటి సహాయక బిషప్ కరోల్ వొయ్‌తీవా దాని రచయిత. తరువాత రెండవ జాన్ పాల్ పోపుగారైనది వీరే. యువతీయువకులతో కొండలెక్కుతూ, నదులలో పడవలు నడుపుతూ వారి ప్రశ్నలు విన్న గురువు ఆయన. ఆ అనుభవం, విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలు కలిసి ఆ గ్రంథమైనవి. దాని వెన్నెముక ఒక్కటే: మనిషిని వస్తువులాగా వాడుకోరాదు. సుఖం కోసం కానివ్వండి, కట్నం కోసం కానివ్వండి, అమెరికా వీసా కోసం కానివ్వండి, ఎదుటి మనిషిని సాధనంగా చూచిననాడు అది ప్రేమ కాదు. ఈ కొలతతో మన పెండ్లి సంబంధాలను కొలుచుకుంటే ఎన్ని నిలుస్తాయో ఆలోచించండి.

మూడవది గ్యారీ చాప్‌మన్ అనే బాప్టిస్టు కాపరి 1992లో వ్రాసిన 'ద ఫైవ్ లవ్ లాంగ్వేజెస్'. మెచ్చుకోలు మాట, కలిసి గడిపే సమయం, కానుక, చేసిపెట్టే సాయం, ఆప్యాయమైన స్పర్శ అని ఐదు ప్రేమ భాషలున్నాయని, ఒక్కొక్కరికి ఒక్క భాష ముఖ్యమని ఆయన చెప్పారు. భర్త జీతం రోజున మల్లెపూలు తెస్తాడు. భార్య మనసులో మాత్రం "పూలు సరే, ఉదయం బిందెలు మోసిపెడితే బాగుండును" అని ఉంటుంది. ఇద్దరిలోనూ ప్రేమ ఉంది, ఒకరిది మరొకరికి చేరడం లేదు. ఆ సంగతి గ్రహించడానికి ఈ పుస్తకం పనికివస్తుంది. అయితే దీనిని అక్షరాలా పట్టుకోనక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక్క భాషే అన్నదానికి తగిన ఆధారం లేదని 2024లో కెనడా పరిశోధకులు చెప్పారు. ప్రేమ ఒక భాష కంటే సమతులాహారం వంటిదని వారి మాట. అన్నం ఒక్కటే చాలదు, పప్పూ కూరా కూడా కావాలి కదా!

నలుగురు రౌతులు

నాలుగవది జాన్ గాట్‌మన్, నాన్ సిల్వర్ కలిసి 1999లో వెలువరించిన 'ద సెవెన్ ప్రిన్సిపుల్స్ ఫర్ మేకింగ్ మ్యారేజ్ వర్క్'. దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది మన వంటింటి దాకా వస్తుంది. గాట్‌మన్ అమెరికాలోని సియాటిల్‌లో భార్యాభర్తలను పరిశోధనశాలకు పిలిచి, వారు మాట్లాడుకునే తీరును, పోట్లాడుకునే తీరును ఏళ్ల తరబడి పరిశీలించారు. ఏ జంట విడిపోతుందో ముందే చెప్పవచ్చునన్న ఆయన లెక్కలను ఇతర పండితులు ప్రశ్నించారు. కాని ఆయన గమనించిన విషయాలు మన ఇళ్లలోనూ కనిపిస్తాయి.

దర్శన గ్రంథం ఆరవ అధ్యాయంలో నలుగురు గుర్రపు రౌతులు వస్తారు. ఆ పేరే పెట్టి, సంసారాన్ని కూల్చే నాలుగు అలవాట్లను ఆయన చెప్పారు.

1. నింద. "గ్యాస్ బుక్ చేయలేదేం?" అంటే అది ఫిర్యాదు. "నీకు ఇంటి ధ్యాస ఎప్పుడుంది గనుక?" అంటే అది నింద. మొదటిది పనిని గురించి, రెండవది మనిషిని గురించి.

2. ఈసడింపు. మూతి విరుపు, వెక్కిరింత, "మీ వాళ్ల బుద్ధులే అంత" అనే మాట. నాలుగింటిలోకీ ప్రమాదమైనది ఇదే.

3. ఎదురు సమర్థన. "నేనొక్కణ్ణేనా? నువ్వేమైనా తక్కువ తిన్నావా?" తప్పు ఎంతైనా ఎదుటివారి నెత్తినే వేయడం.

4. మౌనపు గోడ. ఆమె మాట్లాడుతుంటే అతడు టీవీ వంక చూస్తుంటాడు, లేదా సెల్‌ఫోన్ జరుపుతుంటాడు. "ఊఁ" అని కూడా అనడు.

మరి తగవులే లేని ఇల్లు ఉంటుందా? ఉండదు. దంపతుల తగవులలో సుమారు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తెగనివని గాట్‌మన్ చెప్పారు. ఆమెకు పొదుపు, అతనికి ధారాళం. అతనికి తన తల్లి మాట, ఆమెకు తన పుట్టింటి మాట. ఇవి ముప్పై ఏళ్లకూ అలాగే ఉంటాయి. నిలిచే కాపురాలలో తగవు సాగుతున్నప్పుడు కూడా ఒక చేదు మాటకు ఐదు మంచి మాటలో, మంచి చూపులో ఉంటాయట. ఇంకొకటి, తగవు మధ్యలో ఎవరో ఒకరు దానిని చల్లార్చే చిన్న ప్రయత్నం చేస్తారు, రెండవవారు దానిని కాదనకుండా అందుకుంటారు. మన ఇళ్లలో దాని పేరు "టీ పెట్టనా?" అన్న మాట. అలిగిన మనిషి "పెట్టు" అన్నాడా, సగం తగవు తీరినట్లే.

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయంలో ప్రేమ గుణాలను వరుసగా చెప్పారు. ఫ్రాన్సిస్ పోపుగారు తమ ఉపదేశం నాలుగవ అధ్యాయంలో ఆ గుణాలను ఒక్కొక్కటిగా తీసుకొని కాపురానికి అన్వయించారు. దయచేసి, కృతజ్ఞతలు, క్షమించు అనే మూడు మాటలు ఇంట్లో వినబడాలని కూడా కోరారు. పరిశోధనశాల, పౌలుగారి లేఖ ఇక్కడ ఒకే దారిలో కలుస్తున్నవి: ప్రేమ రోజూ చేయవలసిన పని.

తల్లిదండ్రులు ఏమి చేయాలి?

పుస్తకాన్ని దాచినా, తగలబెట్టినా బిడ్డ ఆ ప్రశ్నను మనసులోనే దాచుకుంటుంది. బిడ్డ చదివే పుస్తకం పేరు తెలుసుకోండి. మీకు చదవడం రాకపోతే కథ చెప్పించుకోండి. వయసుకు తగనిదైతే కారణం చెప్పి ఆపండి, తిట్టి కాదు. మగపిల్లలనూ వదలవద్దు. వారికి ప్రేమను గురించి ఏమీ చెప్పకపోతే సినిమా చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వారు మొట్టమొదట చదివే ప్రేమ పుస్తకం మీ ఇద్దరి కాపురమే.

ఆ తల్లికి నవల తిరిగి ఇస్తూ, "అమ్మాయినే అడిగి కథ చెప్పించుకోండమ్మా" అన్నాను. రెండు వారాల తరువాత మళ్లీ కనిపించారు. రెండు రాత్రులు దీపం ఆర్పాక పిల్ల కథంతా తెలుగులో చెప్పిందట. కాసేపు ఊరకున్నారు. తరువాత అన్నారు: "మా అక్క వాతలతో ఇంటికొస్తే, సర్దుకుపో అని చెప్పి బస్సెక్కించి పంపాం మాస్టారూ. ఆ మాట మొన్న నా కూతురితో చెప్పుకొని ఏడ్చాను. 'నిన్ను మాత్రం అలా పంపనే' అన్నాను."

పొయ్యిలో పడవలసిన పుస్తకం ఒక తల్లీకూతుళ్ల మధ్య ఆ మాట పలికించింది.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి:

1. మీకు ఇష్టమైన ప్రేమ కథ ఎక్కడ ముగిసింది? అక్కడినుండి ఐదేళ్లు ముందుకు పోతే ఆ ఇద్దరూ ఎలా ఉంటారనుకుంటున్నారు?

2. నలుగురు రౌతులలో మన ఇంటికి తరచు వచ్చేది ఎవరు?

3. తగవు చల్లార్చడానికి మన ఇంట్లో ఎవరు ముందు మాట కలుపుతారు? ఈ వారం ఆ పని రెండవవారు చేయగలరా?

4. మన ఆడపిల్ల కష్టంలో ఉండి తలుపు తడితే, ఆమె వినబోయే మొదటి మాట ఏది?